ట్రాన్స్‌పోజ్ బటన్ లేని పియానో, బట్టీ పట్టని ఫ్రెంచ్

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కాకినాడ. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి బీకామ్ రెండో ఏడాది చదువుతున్నాను. ఇంటర్ నుంచీ సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్. ఇంటర్‌లో 97 వచ్చాయి. చిన్నప్పటి నుంచి మా చర్చిలో కీబోర్డ్ వాయిస్తాను, ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, వింటూ నేర్చుకున్నాను. ఇక్కడికొచ్చాక క్లాసికల్ పియానో క్లాసులకి చేరాను. గ్రేడ్ 3 పాసయ్యాను, 4కి తయారవుతున్నాను. మా టీచర్ నా వేళ్ళు పెట్టే పద్ధతే తప్పంటారు. ఫ్రెంచ్ కూడా బయట నేర్చుకుందామని ఒకచోట టెస్ట్ రాస్తే ఎ1లో, అంటే దాదాపు మొదటి నుంచీ కూర్చోమన్నారు. చాలా సిగ్గేసింది. మా నాన్నగారు టీచరు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు, ఏదో ఒకటి వదిలెయ్ అంటున్నారు. నాకేమో ఎప్పటికైనా పారిస్ వెళ్ళి పియానో చదవాలని ఉంది. ఏది వదలాలి? వదలకపోతే టైమ్ ఎక్కణ్ణుంచి తేవాలి? జ జూ ఓ పియానో తూ లే జూర్ (రోజూ పియానో వాయిస్తున్నాను), కానీ ముందుకెళ్ళడం లేదు.

సమాధానం:

చూడు చెల్లీ, ముందు నాన్నగారి పడవల సంగతి తేల్చేద్దాం. ఏదీ వదలకు. అలాగని "నీ వల్ల అవుతుంది, రెండూ చేసెయ్" అని భుజం తట్టి పంపించే జవాబు కాదిది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అర్థమైందేంటంటే నీ ఇబ్బంది టైమ్ కానే కాదు. టైమ్ చాలకపోతే ఒకదాంట్లో బాగుండి ఇంకోదాంట్లో వెనకబడేదానివి. నువ్వు రెండిట్లోనూ ఒకే చోట ఆగిపోయావు, ఎందుకంటే రెండిటినీ ఒకే దొడ్డిదారిన నేర్చుకున్నావు. దొడ్డిదారి అన్నానని కోపం తెచ్చుకోకు, నేనూ ఆ దారినే వచ్చినదాన్ని.

చర్చిలో కీబోర్డ్ వాయించే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. పాట ఎత్తుకునే పెద్దావిడ ఆ పూట గొంతు ఎక్కడ పలికితే అక్కడ ఎత్తుకుంటుంది. కీబోర్డ్ దగ్గరున్న అమ్మాయి రెండు మెట్లు తడిమి చూసి, ట్రాన్స్‌పోజ్ బటన్ ప్లస్ మూడో మైనస్ రెండో నొక్కేసి, హాయిగా మళ్ళీ సీ మేజర్‌లోనే, తెల్ల మెట్ల మీదే వాయించేస్తుంది. వినేవాళ్ళకి శ్రుతి మారింది, వాయించే వేళ్ళకి ఏమీ మారలేదు. ఇందులో తప్పేం లేదు, అక్కడ పని అదే, పాట ఆగకూడదు అంతే. పైగా ఆ పిల్లలకి ఉండే చెవి, చిన్నప్పటి నుంచి పుస్తకం చూసి గ్రేడ్లు పాసైన పిల్లల్లో చాలామందికి ఉండదు. పాట వినగానే తర్వాత ఏ కార్డ్ (కలిపి నొక్కే స్వరాలు) వస్తుందో నీకు చేతికి తెలిసిపోతుంది చూడు, అది పోగొట్టుకోకు. క్లాసికల్‌కి వచ్చాం కదా అని సిగ్గుపడి దాన్ని మూలన పడేసేవాళ్ళున్నారు, ఆదివారాలు వాయించడం మాత్రం మానకు.

కానీ పియానోకి ఆ బటన్ లేదు. ఈ (E) ఫ్లాట్ మేజర్ అని రాసి ఉంటే మూడు ఫ్లాట్లూ, అంటే అరమెట్టు దిగిన స్వరాలు, నీ వేళ్ళే వెతుక్కోవాలి. పదేళ్ళుగా తెల్ల మెట్ల మీద చదునుగా నడిచిన వేళ్ళు, ఇప్పుడు నల్ల మెట్లు ఎక్కమంటే బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలియక కొట్టుకుంటున్నాయి. మీ టీచర్ తప్పంటున్నది దీన్నే అయ్యుంటుంది.

ఇక ఆ 97. ఇంటర్‌లో ఫ్రెంచ్ ఎందుకు తీసుకుంటారో నీకూ తెలుసు నాకూ తెలుసు. సంస్కృతం ఎందుకు తీసుకుంటారో దీన్నీ అందుకే. స్కోరింగ్. క్రియా రూపాల పట్టిక, రెండు మూడు లెటర్లు, కొన్ని ప్రశ్నలకి జవాబులు, అన్నీ బట్టీ. నోరు విప్పాల్సిన పని దాదాపు లేదు. అదీ ట్రాన్స్‌పోజ్ బటనే. పేపర్లో ఎక్కడ నొక్కితే మార్కు పడుతుందో నీకు తెలుసు, ఫ్రెంచ్ మాట్లాడే మనిషి ఎదురుగా నిలబడితే ఆ బటన్ ఉండదు. అందుకే ఎ1లో కూర్చోమన్నారు. కూర్చో. నీకు అక్కడ సగం విషయాలు ముందే తెలిసి ఉంటాయి కాబట్టి మిగతావాళ్ళు పట్టికలతో తంటాలు పడుతున్నప్పుడు నువ్వు చెవీ నోరూ బాగుచేసుకోవచ్చు. అంత తీరిక మళ్ళీ బి1లో దొరకదు.

ఇప్పుడు నీకు పనికొచ్చే ఒక కథ చెబుతా. పియానో స్వరకర్త షోపాన్ వాళ్ళ నాన్న కూడా టీచరే, అదీ ఫ్రెంచ్ టీచరు. ఫ్రాన్స్‌లో లొరేన్ ప్రాంతం నుంచి పోలాండ్ వెళ్ళి వార్సాలో పిల్లలకి ఫ్రెంచ్ చెప్పేవాడు. కొడుకు 1831లో పారిస్ చేరి, 1849లో పోయేదాకా అక్కడే ఉన్నాడు, కచేరీల కంటే పియానో పాఠాల మీదే ఎక్కువగా బతికాడు. ఆ పాఠాల్లో ఆయన సీ మేజర్‌తో మొదలుపెట్టేవాడు కాదు. చదవడానికి అది అన్నిటికంటే సులువు, చేతికి మాత్రం అన్నిటికంటే కష్టం అని ఆయన లెక్క. ఎందుకంటే మన వేళ్ళు సమానంగా లేవు. మధ్య మూడు వేళ్ళు పొడుగు, బొటనవేలూ చిటికెనవేలూ పొట్టి. పొడుగు వేళ్ళు నల్ల మెట్ల మీద, పొట్టి వేళ్ళు తెల్ల మెట్ల మీద పెడితే చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. అందుకని కుడిచేతి బొటనవేలు ఈ (E) మీద, తర్వాత ఎఫ్ షార్ప్, జీ షార్ప్, ఏ (A) షార్ప్, చిటికెనవేలు బీ మీద పెట్టించేవాడు. స్కేళ్ళలో మొదట నేర్పింది బీ మేజర్. ఐదు షార్పులు, అంటే అరమెట్టు ఎక్కిన స్వరాలు!

చూశావా, నువ్వు పదేళ్ళుగా సులువనుకుని దాక్కున్న చోటే చేతికి అన్నిటికంటే కష్టమైన చోటట. రేపు పియానో ముందు కూర్చున్నప్పుడు ఆ ఐదు స్వరాల మీద చెయ్యి పెట్టి చూడు. పెట్టి, ఒక్కో మెట్టు మెల్లగా నొక్కుతూ పైకి అను: మీ, ఫా దియేజ్, సోల్ దియేజ్, లా దియేజ్, సీ. ఫ్రెంచ్ వాళ్ళు ఏ బీ సీ డీ అనరు, దో రే మీ ఫా సోల్ లా సీ అంటారు. షార్ప్‌ని దియేజ్, ఫ్లాట్‌ని బేమోల్ అంటారు. రోజుకి ఐదు నిమిషాలు ఇదొక్కటే చెయ్యి, వేళ్ళకీ నోటికీ కలిపి. పియానోకి ఎంత, ఫ్రెంచ్‌కి ఎంత అని ఆ ఐదు నిమిషాలని విడదీసి లెక్క రాసుకోనక్కర్లేదు కూడా.

ఇక్కడ మనవాళ్ళు పడే గోతులు రెండున్నాయి. మొదటిది, దో అంటే మన స అనుకోవడం. కాదు. మన స ఎక్కడైనా పెట్టుకోవచ్చు, పాడేవాళ్ళ గొంతుని బట్టి ఒకరు ఒకటిన్నర శ్రుతి, ఇంకొకరు ఐదు, స వాళ్ళతో పాటే జరుగుతుంది. ఫ్రెంచ్ దో జరగదు. అది ఎప్పుడూ ఇంగ్లీష్ సీ (C) మెట్టే, నువ్వు ఏ స్కేల్లో ఉన్నా సరే. ట్రాన్స్‌పోజ్ అలవాటున్న నీలాంటి వాళ్ళకి ఇది మొదట్లో చిరాకుగా ఉంటుంది, నాకైతే దాదాపు ఆర్నెల్లు పట్టింది. రెండోది, క్రోష్. నీ గ్రేడ్ పుస్తకంలో క్రోచెట్ అంటే ఒక బీటు, క్వేవర్ అంటే అందులో సగం. ఫ్రెంచ్‌లో ఒక బీటుని నువార్ అంటారు, అంటే నల్లది. రెండు బీట్లది బ్లాఁష్, తెల్లది. నాలుగు బీట్లది రోఁద్, గుండ్రనిది. ఇవన్నీ చూస్తే తెలిసిపోయే పేర్లే. అరబీటుది క్రోష్. క్రోచెట్, క్రోష్ ఒకటే కదా అనుకున్నావా, అరబీటు కాస్తా ఒక బీటయి పాట సగం స్పీడ్‌కి పడిపోతుంది. నేను ఒక ఫ్రెంచ్ పాఠం వీడియో చూస్తూ సరిగ్గా ఇలాగే వారం రోజులు తప్పుగా సాధన చేశాను.

ఉచ్చారణ దగ్గర మాత్రం తెలుగు మనకి బాగా ఉపయోగపడుతుంది, దీన్ని ఎవరూ చెప్పరెందుకో. తొమ్మిదో తరగతిలో ఉత్వసంధి చదివావు కదా, రాముడు, అతడు కలిస్తే రాముడతడు, మొదటి ఉ ఎగిరిపోయింది. ఫ్రెంచ్‌లో ల, అమీ (స్నేహితుడు) కలిస్తే లామీ, అక్కడా మొదటి అచ్చు ఎగిరిపోయింది. ఇంగ్లీష్ ఒక్కటే తెలిసినవాడికి ఇది కొత్త రూలు, మనకి చంటిపిల్లప్పుడే నోట్లో ఉన్న అలవాటు. బహువచనంలో లే అని ఆగి అమీ అనరు, లేజామీ అని కలిపేస్తారు, రాసినప్పుడు పలకని ఎస్ ఇక్కడ జ అయి బయటికొస్తుంది. నువ్వు ఫ్రెంచ్ వాక్యాన్ని మాట మాటకీ విడగొట్టి చదువుతున్నంతకాలం వాళ్ళు మాట్లాడేది నీకు వినపడదు. మన పద్యం పదం పదం విరిచి చదివితే ఎంత అర్థమవుతుందో అంతే.

కానీ తెలుగు చేసే చెడుపు కూడా ఒకటుంది. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి కదా, బస్ వస్తే బస్సు చేసుకున్నాం, కార్ వస్తే కారు చేసుకున్నాం. అదే నోటితో ఫ్రెంచ్ అవెక్‌ని అవెక్కు అంటాం, చాలాసార్లు అన్నామని కూడా తెలీదు. చివర హల్లుని పలికి వదిలెయ్యాలి, దానికి తోక తగిలించకూడదు. ఇది పియానోలోనూ చేస్తావు నువ్వు, చూడకుండానే చెబుతున్నా. స్వరాల మీద గీసిన వంపు గీత, స్లర్, అది ఒక ఊపిరి. గీత అయిపోయేచోట చివరి స్వరం మెత్తగా, చెయ్యి పైకి లేపుతూ ముగించాలి. చర్చిలో అందరూ కలిసి పాడేటప్పుడు నువ్వు ప్రతి పాదం చివరా గట్టిగా కార్డ్ వెయ్యాలి, లేకపోతే పాడేవాళ్ళు చెదిరిపోతారు. ఆ అలవాటుతో ప్రతి ఫ్రేజ్ చివరా ధబ్ మని దించుతావు. అవెక్కు లాగా. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విను, నీ ఫ్రెంచ్ ఒక నిమిషం, నీ పియానో ఒక నిమిషం. మొదటిసారి విన్నప్పుడు ఫోన్ విసిరేయాలనిపిస్తుంది, విసిరెయ్యకు, ఈఎమ్ఐ కట్టాలి కదా.

సరే, టైమ్ అడిగావు. పియానోకి రోజుకి 50 నిమిషాలు, ఫ్రెంచ్‌కి 25. ఆదివారం చర్చి ఉంది కాబట్టి ఆ రోజు సెలవు. ఇంతకంటే ఎక్కువ పెట్టుకోకు, సెమిస్టర్ మధ్యలో అకౌంట్స్ పీకల మీదికి వస్తే మొత్తం మానేస్తావు. 50 నిమిషాల్లో గ్రేడ్ పీసులు మూడూ మొదటి నుంచి చివరిదాకా వాయించడం సాధన కాదు, అది నిన్ను నువ్వు ఊరుకోబెట్టుకోవడం. నాలుగు బార్లు (నిలువు గీతల మధ్య గళ్ళు) తీసుకో, కుడిచెయ్యి విడిగా, ఎడమచెయ్యి విడిగా, తర్వాత కలిపి, అసలు స్పీడులో సగానికి సగం. తప్పు పడితే ఆ ఒక్క చోటనే ఐదుసార్లు. ఫ్రెంచ్‌కి 25 నిమిషాలూ మెట్రోలోనే అయిపోతాయి. ఆర్ఎఫ్ఐ రేడియో రోజూ పది నిమిషాల వార్తలు తేలిక ఫ్రెంచ్‌లో ఇస్తుంది, జుర్నాల్ ఆఁ ఫ్రాఁసే ఫసీల్ అని. నీ స్థాయికి మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది. అయినా ఒక నిమిషం తీసుకుని, వాక్యం వాక్యం ఆపి, వెనకే అను. అర్థం తర్వాత చూసుకోవచ్చు. పాట విని పట్టుకున్న పిల్లవి, మాట విని పట్టుకోలేవా? నీకున్న ఆ చెవిని ఇంతవరకు ఫ్రెంచ్‌కి వాడనే లేదు నువ్వు. మీ కాకినాడకి పక్కనే 30 కిలోమీటర్ల దూరంలో యానాం, 1954 దాకా ఫ్రెంచ్ వాళ్ళ పాలనలో ఉంది. అక్కడి తెలుగువాళ్ళలో పుస్తకం ముట్టకుండా చెవితోనే ఈ భాష పట్టినవాళ్ళు ఉండే ఉంటారు కదా, బట్టీ పద్ధతి మనం కాలేజీలో కనిపెట్టుకున్నదే.

హాస్టల్లో దేనిమీద వాయిస్తున్నావో రాయలేదు. 61 మెట్ల కీబోర్డే అయితే చెప్పాల్సింది ఒకటుంది. దాని మీద మెట్టు నొక్కితే స్ప్రింగులా దిగుతుంది, పియానో మెట్టుకి బరువుంటుంది, వేలి బరువుని బట్టి శబ్దం మారుతుంది. మీ టీచర్ దగ్గర వారానికి రెండు గంటలు పియానో మీద నేర్చుకున్నది మిగతా ఐదు రోజులు కీబోర్డ్ మీద మర్చిపోతున్నావు. 88 మెట్లు, వెయిటెడ్ కీస్ ఉన్న డిజిటల్ పియానో 40, 50 వేల దగ్గర మొదలవుతుంది, సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తక్కువకి దొరకొచ్చు. అంత ఇప్పుడు కుదరదంటే, టీచర్ దగ్గరో కాలేజీలోనో ప్రాక్టీస్ రూమ్ ఉందేమో అడుగు, వారానికి మూడు రోజులు అక్కడ, మిగతా రోజులు కీబోర్డ్ మీద స్కేళ్ళూ చదవడమూ. ఇంకోటి, పరీక్ష ఫారం నింపేటప్పుడు చూసుకో, ట్రినిటీ అనే సంగీత పరీక్షల బోర్డులో పియానో సిలబస్ వేరు, ఎలక్ట్రానిక్ కీబోర్డ్ సిలబస్ వేరు. పేరు చూసుకోకుండా కట్టేసి తర్వాత ఏడ్చినవాళ్ళున్నారు. ఇంకో బోర్డు ఏబీఆర్ఎస్ఎమ్ అయితే గ్రేడ్ 6కి వెళ్ళాలంటే సాధారణంగా ముందు గ్రేడ్ 5 థియరీ పాసవ్వాలి, ట్రినిటీలో ఆ అడ్డంకి లేదు. నన్నడిగితే ఏ బోర్డయినా థియరీ చదువు, విని నేర్చుకున్నవాళ్ళకి లోటు పడేది సరిగ్గా అక్కడే.

పరీక్షల గురించి నా సొంత బాగోతం ఒకటి చెప్పి ముందుకెళ్తాను. నేను పియానో మొదలుపెట్టింది 26 ఏళ్ళకి. ఫ్రెంచ్‌లో డెల్ఫ్ అనే సర్టిఫికెట్ పరీక్ష, అందులో బి2 స్థాయి, పియానోలో గ్రేడ్ 5, రెండూ ఒకే నెలలో పెట్టుకున్నాను, పదిహేను రోజుల తేడాతో, ఒక్క దెబ్బకి రెండు పిట్టలని. డెల్ఫ్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోటి 25 మార్కులు, మొత్తం 50 వస్తే పాస్, కానీ దేంట్లోనూ 5కి తగ్గకూడదు. నాకు మొత్తం 56 వచ్చాయి. వినడంలో నాలుగున్నర. ఫెయిల్! రాయడంలో మాత్రం ఇంచుమించు పూర్తి మార్కులు, ఇంటర్ నుంచి చేసిన పని అదే కదా. పియానో పరీక్షలో 150కి 100 రావాలి, నాకు 101. ఆ ఒక్క మార్కుని ఇప్పటికీ గుర్తు చేసి నవ్వుతారు మా ఇంట్లో. కాబట్టి రెండు పరీక్షలకీ మధ్య కనీసం నాలుగు నెలలు ఉంచు, సెమిస్టర్ పరీక్షలు ఎటూ మధ్యలో దూరతాయి. ఈ ఏడాది గ్రేడ్ 4, వచ్చే ఏడాది డెల్ఫ్ ఎ2, అలా ఒకటి విడిచి ఒకటి. డెల్ఫ్ సర్టిఫికెట్‌కి గడువు లేదు, ఒకసారి పాసైతే అయినట్టే, తొందరేం లేదు.

పీసుల విషయం. నువ్వు రాయలేదు గానీ నీ ఫోన్‌లో ఫ్రెంచ్ స్వరకర్త దెబుస్సీ రాసిన క్లేర్ ద లూన్ ఉండే ఉంటుంది, ఫ్రెంచ్ చదివే పియానో పిల్లలందరి ఫోన్లలోనూ ఉంటుంది. అది డీ ఫ్లాట్ మేజర్, ఐదు ఫ్లాట్లు. ప్లస్ ఒకటి నొక్కితే సీ మేజర్‌లో వాయించేయొచ్చని నీకు ఈపాటికి తట్టే ఉంటుంది, దయచేసి ఆ పని చెయ్యకు. ఇంకో రెండు మూడేళ్ళకి దాని దగ్గరికి వెళ్దువుగాని. ఇప్పటికి బాక్ చిన్న చిన్న ప్రెల్యూడ్లు వేళ్ళకి, ఫ్రెంచ్‌కి ఎరిక్ సతీ అనే స్వరకర్త. 1890 ప్రాంతంలో ఆయన రాసిన మొదటి గ్నోసియెన్ అనే పీస్ తీసి చూడు, బార్ గీతలే ఉండవు. స్వరాల పైన మామూలుగా ఇటాలియన్లో మెల్లగా, గట్టిగా అని రాసి ఉంటుంది కదా, ఈయన ఫ్రెంచ్‌లో రాశాడు. ఒకచోట పా జా పా, అడుగడుగునా. ఒకచోట కెస్తియోనే, ప్రశ్నించు. ఇంకోచోట స్యుర్ లా లాఁగ్, నాలుక మీద. నాలుక మీద ఎలా వాయిస్తారు? నాకూ తెలీదు, కానీ ఆ మాట అర్థమయ్యాక ఆ చోట నా చెయ్యి మాత్రం మారింది. దెబుస్సీ పుస్తకాల్లో సాఁ లుర్దర్ అంటే బరువు లేకుండా, ఆఁ దఓర్ అంటే ఆ రాగం మిగతావాటిలోంచి బయటికి వినపడాలి. సెదే అంటే లొంగు, ఇవ్వు అని మామూలు అర్థం, సంగీతంలో కొంచెం నిదానించు. నిదానించడాన్ని లొంగడం అంటారని తెలిసినవాళ్ళూ, పుస్తకం వెనక పట్టికలో స్లో డౌన్ అని చూసినవాళ్ళూ ఆ బార్‌ని ఒకేలా వాయించరు. రెండూ కలిపి చదవడం వల్ల లాభం ఏంటని మీ నాన్నగారు అడిగితే నేను ఇదే చూపిస్తాను, ఆయన ఒప్పుకోకపోవచ్చనుకో.

పారిస్. ఇక్కడ మొహమాటం లేకుండా చెప్తాను. పారిస్ కన్సర్వత్వార్ అంటే 1795లో పెట్టిన సంగీత కళాశాల, పోటీ పరీక్షతో తీసుకుంటారు. ఆ పోటీకి వచ్చేవాళ్ళు ఐదారేళ్ళ వయసు నుంచి రోజూ గంటల కొద్దీ వాయించినవాళ్ళు. 20 ఏళ్ళకి గ్రేడ్ 4లో ఉన్న నీకు పియానో వాద్యకారిణిగా ఆ తలుపు తెరుచుకోదు. ఇది నీ తప్పు కాదు, అక్కడి లెక్క అంతే. ఎకోల్ నోర్మాల్ ద మ్యూజిక్ అని ఇంకోటుంది, 1919లో ఆల్ఫ్రెడ్ కోర్తో పెట్టాడు, విదేశీ విద్యార్థులు చాలామంది అక్కడ చేరతారు, కానీ అది ప్రైవేటు, ఫీజులు ఎక్కువ. చాలామందికి తెలియని దారి మూడోది, విశ్వవిద్యాలయాల్లో మ్యూజికాలజీ. అది సంగీతం గురించి చదవడం, చరిత్ర, విశ్లేషణ, రాయడం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్ళకి డిగ్రీ ఫీజు 2019లో ఏడాదికి 2,770 యూరోలుగా పెట్టారు, తర్వాత కొంచెం పెరిగింది, కొన్ని విశ్వవిద్యాలయాలు తగ్గిస్తాయి కూడా. దానికి ఫ్రెంచ్ బి2 సాధారణంగా అడుగుతారు, థియరీ బాగా రావాలి, నీ చెవి అక్కడ బంగారం. కన్సర్వత్వార్లలో అయినా ఫోర్మాసియోఁ మ్యూజికాల్ అని విని రాయడం, చూసి పాడడం ఉండే క్లాసు ఒకటి తప్పనిసరిగా ఉంటుంది, చిన్న ఊరి కన్సర్వత్వార్‌లో కూడా. విని స్వరాలు రాయడం ఇప్పటి నుంచే మొదలుపెట్టు, నీకు సరదాగా ఉంటుంది. వివరాలన్నీ ఫ్రాన్స్ చదువుల సమాచారం ఇచ్చే కాంపస్ ఫ్రాన్స్‌లో ఉచితంగానే చెప్తారు, ఏజెంట్‌కి డబ్బు కట్టకు.

ఇంకో మాట, ఇది నాన్నగారికి చూపించు. బి2 అంటే మొత్తం మీద ఐదారు వందల గంటల చదువు. హైదరాబాద్‌లో ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి కంపెనీల్లో పనుంది, అనువాదం ఉంది, ఎమ్మే చెయ్యాలంటే తార్నాకలో ఇఫ్లూ, అంటే ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. పియానో గ్రేడ్ 8 చేసినవాళ్ళకి చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే పని ఉంది, షోపానే దాని మీద బతికాడని ఇందాకే అనుకున్నాం. రెండిట్లో ఏది ముందు డబ్బు తెస్తుందంటే ఫ్రెంచే, అనుమానం లేదు. బీకామ్ అయ్యాక ఫ్రెంచ్‌తో చిన్న ఉద్యోగం చూసుకుంటే పియానో ఫీజు ఇంట్లో అడగక్కర్లేదు. రెండు పడవలని ఆయన అంటున్నది నిజానికి రెండు ఫీజుల గురించి అని నా అనుమానం, టీచర్ జీతంలో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని చదివించేవాళ్ళకి ఆ బాధ ఉంటుంది. ఆదర్శాల మీద వాదించకుండా ఏడాదికి ఎంతవుతుందో కాగితం మీద రాసి చూపించు, క్లాసులు, పరీక్ష ఫీజులు, పుస్తకాలు అన్నీ. ఒకవేళ నిజంగానే ఒక ఫీజు ఆపాల్సొస్తే ఫ్రెంచ్ బయటి క్లాస్ ఆరు నెలలు ఆపు. కాలేజీలో ఎలాగూ ఉంది, రేడియో ఉచితం. పియానో టీచర్ని మాత్రం ఆపకు, వేళ్ళ తప్పులు నీకు నువ్వు చూసుకోలేవు.

చివరగా, నీ ఉత్తరంలో ఫ్రెంచ్‌లో ఒక్క వాక్యం రాశావు, జ జూ ఓ పియానో అని. 97 మార్కులమ్మా! ఓ పెడితే అది ఆటలకి. జ జూ ఓ క్రికెట్, సరే. వాయిద్యాలకి ద్యు పెట్టాలి, జ జూ ద్యు పియానో. మనం క్రికెట్ ఆడతాం, పియానో వాయిస్తాం, మనకి క్రియలే వేరు. వాళ్ళకి రెండిటికీ క్రియ ఒకటే, కాబట్టి ఆ చిన్న మాటే తేడా చెప్పాలి. నువ్వు రాసింది చదివితే రోజూ పియానో అనే ఆట ఆడుతున్నానని వస్తుంది. ఇప్పుడు ఆ ద్యు పైకి అను. మన ఉ కాదు, యు కూడా కాదు. నోటి లోపల ఈ అంటూ పెదవులు మాత్రం ఊ అన్నట్టు ముందుకి చాపు. అద్దం ముందు నిలబడి అను, రూమ్మేట్లు నవ్వుతారు, నవ్వనీ.